అయిదువేల నాలుగో గోలియత్

ఆఫ్కె హూక్‌స్ట్రా మోకాళ్ల సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు. పన్నెండేళ్లుగా నాలుగెకరాల ఉల్లి చేలో కలుపంతా ఆ మోకాళ్ల మీదే తీసింది. మిచిగన్‌లోని ఆ నల్ల చిత్తడి నేలలో ఉల్లి సాళ్లు జానెడున్నర ఎడంలో ఉంటాయి. గుర్రాన్ని దింపితే ఉల్లి మిగలదు. మనిషే మోకాళ్లకు గోనెపట్టాలు కట్టుకుని, పాకుతూ, గడ్డిపరకల్ని ఒక్కొక్కటే పీక్కుంటూ పోవాలి. ఆదివారం చర్చిలో కీర్తనకు అందరూ లేచి నిలబడేటప్పుడు ఆమె మోకాళ్లు చేసే చప్పుడుకు ముందు వరసలోని పెద్దలు వెనక్కి తిరిగి చూసేవారు.

ఆమెతోపాటు డచ్చి దేశం నుంచి వలస వచ్చిన అన్న డౌవె. గడ్డిబండి మీదనుంచి పడి తుంటి విరిగినప్పటినుంచి చేలోకి దిగడు. గట్టున కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, ఎక్కడెక్కడ కలుపు మిగిలిందో వేలితో చూపించడం అతని వంతు.

పెద్ద యుద్ధం అయిపోయిన రోజులవి. ఫిరంగి గుండ్లు చేసినవాళ్లకు చేతిలో పని లేదు. సైకిళ్లు బాగుచేసేవాడు, పంపులు బిగించేవాడు, ఏమీ చేయడం రానివాడు, అందరూ ట్రాక్టరు కంపెనీలు పెట్టేశారు. పెద్ద ట్రాక్టరు చేసే స్తోమత లేనివాళ్లు తోట ట్రాక్టరు చేశారు. అంటే రెండు చక్రాలు, మీద ఒక ఇంజను, వెనక నాగలికున్నట్టు రెండు మేడులు. మనిషి ఆ మేడులు పట్టుకుని వెనక నడవాలి. కలుపు తీసే కత్తులు సాళ్ల మధ్య వాటంతటవే దున్నుకుంటూ పోతాయి. పుస్తకంలో అలా రాసి ఉంది.

ఆ పుస్తకం ఇండియానాలోని ఒక కంపెనీ నుంచి పోస్టులో వచ్చింది. అట్ట మీద తెల్ల గౌను వేసుకుని, పూల టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి ఒంటిచేత్తో ట్రాక్టరు తోలుతోంది. ముఖం మీద చెమట చుక్క లేదు. వెనక పేజీలో నాలుగు పొగగొట్టాల ఫ్యాక్టరీ, దాని మీద జెండా. యంత్రం పేరు బుల్లి గోలియత్.

"గోలియతా?" డౌవె పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "గోలియతు గెలిచినవాడు కాదే తల్లీ, గొర్రెల కుర్రాడి రాయికి కూలినవాడు. ఈ పేరు పెట్టినవాడు బైబిలు సగంలో మూసేసినట్టున్నాడు."

"నువ్వు కాఫీ తాగన్నా," అంది ఆఫ్కె. అప్పటికే ఆమె మూడేళ్ల పొదుపూ ఆ కంపెనీకి పంపేసింది.

ఏప్రిల్‌లో చెక్కపెట్టెలో యంత్రం దిగింది. ఎర్ర రంగు, పచ్చ గీతలు. ఇంజను మీద ఒక ఇత్తడి బిళ్ల. దాని మీద నంబరు, 5004. ఆఫ్కె ఆ బిళ్లను గౌను అంచుతో తుడిచి తుడిచి చూసుకుంది. తనకంటే ముందు అయిదువేల మూడు మంది కొన్నారు. అయిదువేల మూడు జతల మోకాళ్లకు విశ్రాంతి దొరికింది. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు సగం నొప్పి తగ్గింది.

ఉల్లి మొలిచి వేలెడెత్తు అయ్యాక గోలియతును చేలోకి దింపింది. తాడు చుట్టి లాగగానే అది ఒక్కసారి అరిచి మొదలైంది. పక్క పొలం కోళ్లు ఆ రోజంతా గుడ్లు పెట్టలేదు. యంత్రం పది అడుగులు తిన్నగా వెళ్లింది. పదకొండో అడుగులో ఎడమకు ఒరిగి పక్క సాలెక్కింది. ఆఫ్కె కుడివైపుకు లాగింది. అది ఎడమకు లాగింది. సాలు చివరికి వచ్చేసరికి ఇద్దరిలో గెలిచింది గోలియతే. వెనక్కి తిరిగి చూస్తే సాలు పొడవునా నేల శుభ్రంగా ఉంది.

"బాగా తీస్తోందే," అన్నాడు డౌవె గట్టు మీదనుంచి. "కలుపూ లేదు, ఉల్లీ లేదు."

సాలు చివర ఇంకో చిక్కు. అది వెనక్కి నడవదు, దానంతట అది తిరగదు. మూడు మణుగుల బరువును ఎత్తి తిప్పాలి.

ఇంకొకరయితే కంపెనీని తిట్టేవారు. ఆఫ్కె తనను తాను తిట్టుకుంది. అయిదువేల మూడు మందికి చేతనైంది తనకెందుకు చేతకావడం లేదు? తప్పు తన చేతుల్లోనే ఉండాలి. రాత్రి నిఘంటువు పక్కన పెట్టుకుని, రాని ఇంగ్లీషులో ఉత్తరం రాసింది.

'అయ్యా, యంత్రం చేరింది. రంగు చాలా బాగుంది. తాడు లాగగానే మొదలైంది. కానీ ఎడమవైపుకు లాగి ఒక సాలు ఉల్లిని పూర్తిగా పెకలించింది. ఇలాంటిది నా జన్మలో చూడలేదు. తప్పు నాదే అయి ఉంటుంది. ఎక్కడో చెప్పగలరు.'

వారంలో జవాబు వచ్చింది. వేలమంది యజమానుల్లో ఇంతవరకు ఎవరూ ఇలాంటి మాట రాయలేదట. బహుశా మీరు తొందరగా నడుస్తున్నారేమో అని అడిగారు. ఆమె మెల్లగా నడిచింది. ఇంకో సాలు పోయింది. రెండో ఉత్తరం రాసింది. బహుశా మీ నేల మెత్తగా ఉందేమో అన్నారు. నేలను ఏం చేయాలో రాయలేదు. అలా ఇలా తోలి చూసేసరికి అర ఎకరం ఉల్లి పోయింది. మూడో ఉత్తరంలో, మా దగ్గర్లో ఈ యంత్రం ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఒకరోజు వాళ్ల వెనక నడిచి నేర్చుకుంటాను అని అడిగింది. దానికి జవాబు రాలేదు. జూన్ మొదట్లో కొత్త పుస్తకం మాత్రం వచ్చింది. అందులో యజమానుల మెప్పుల పేజీలో అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో ఇలా ఉంది:

'రంగు అత్యద్భుతం! తాడు లాగగానే మొదలవుతుంది! ఇలాంటిది నా జన్మలో చూడలేదు! ఇట్లు, మిచిగన్ ఉల్లి రైతు, ఒక మహిళ.'

ఆఫ్కె కుర్చీలోంచి లేచింది.

"అన్నా! ఇక్కడే ఉందట. మన మిచిగన్‌లోనే. ఉల్లే వేస్తుందట. ఆడమనిషి!"

డౌవె కళ్లజోడు సర్దుకుని చదివాడు. "ఎవరో గానీ అచ్చం నీలాగే మాట్లాడుతోందే."

"ఒకే నేల మీద బతికేవాళ్లం, ఇంకెలా మాట్లాడతాం? నేను కంపెనీకే వెళ్లి ఆమె అడ్రసు కనుక్కుంటాను. ఆమె ఎలా పట్టుకుంటుందో ఒక్కసారి చూస్తే చాలు."

"ఉత్తరం రాయరాదూ?"

"రాశాను కదా, మూడు. అన్నా, చేను చూడు."

చూడక్కర్లేదు. గంగపాయల కూర సాళ్ల మధ్య చాపలు పరిచినట్టు అల్లుకుపోయింది. ఇరవయ్యో తారీకులోగా తీయకపోతే ఆ ఏడు ఉల్లి లేనట్టే. నాలుగెకరాలూ పాకడానికి తన మోకాళ్లు ఈసారి ఒప్పుకోవని ఆఫ్కెకు తెలుసు. ఆ సంగతి డౌవెకూ తెలుసు. అందుకే అతను రొట్టె, జున్ను మూటకట్టి ఇచ్చాడు.

తెల్లవారి రైలెక్కితే మధ్యాహ్నానికి ఇండియానాలోని ఆ కంపెనీ ఊరు చేరింది. ఫ్యాక్టరీ ఎక్కడని అడిగితే ముగ్గురు తెలియదన్నారు. నాలుగో మనిషి ఒక బట్టలుతికే కంపెనీ వెనక సందు చూపించాడు. పుస్తకంలోని నాలుగు పొగగొట్టాల్లో ఒకటి నిజంగానే కనిపించింది. అది బట్టలుతికేవాళ్లది. దాని వెనక రేకుల షెడ్డు. లోపల బల్ల మీద ఒక గోలియత్, దాని పక్కన రెంచి పట్టుకుని వంగిన మనిషి. తలుపు పక్క టైపుమిషను ముందు ఒక అమ్మాయి.

ఆఫ్కె ఆ అమ్మాయిని పోల్చుకుంది. "మీరు ఆ తెల్లగౌను..."

"ఓ, అదా!" అమ్మాయి సిగ్గుపడింది. పేరు ఓపల్. "ఆ ఒక్కరోజేనండీ. గౌను కూడా మా పిన్నిది."

"ఒంటిచేత్తో ఎలా తోలారమ్మా? కాస్త చూపిస్తారా?"

"తోలడం ఎక్కడండీ, అప్పటికి ఇంజనే తయారవలేదు. ఉత్త డబ్బా అది. వెనకనుంచి కట్టె ఆసరా పెట్టారు."

ఆఫ్కెకు ఆ మాట చెవిలో పడింది గానీ ఇంకా లోపలికి దిగలేదు. వచ్చిన పని చెప్పింది. మిచిగన్ ఉల్లి మహిళ అడ్రసు కావాలి. ఓపల్ చురుగ్గా లేచి ఒక అట్టపెట్టె తెరిచింది. అందులో ఉన్నవే నాలుగైదు కాగితాలు. ఒకటి తీసి చదవబోయి ఆగింది.

"హూక్... స్ట్రా. మిస్ ఆఫ్కె హూక్‌స్ట్రా." తలెత్తింది. "మీ పేరేమన్నారు?"

కాగితం ఆఫ్కె చేతిలోకి వచ్చింది. తన అక్షరాలే. నీలం పెన్సిలుతో మధ్య వాక్యాలన్నీ కొట్టేసి ఉన్నాయి. ఎడమవైపు లాగడం కొట్టేశారు. ఉల్లి పోవడం కొట్టేశారు. తప్పు నాదే అన్న మాటను కూడా కొట్టేశారు. అది ఒక్కటి ఉంచినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

లోపలిగదిలోంచి కంపెనీ అధ్యక్షుడు పర్విస్ వచ్చాడు. గుండ్రటి మనిషి, కోటు జేబులో గొలుసు గడియారం. సంగతి విని ఏమాత్రం తొణకలేదు.

"మిచిగన్ యజమానురాలు స్వయంగా వచ్చారు! ఓపల్, కుర్చీ వెయ్యి."

"కుర్చీ వద్దండీ," అంది ఆఫ్కె. ఆమె కళ్లు బల్ల మీది యంత్రం మీద పడ్డాయి. దాని మీద కొత్త ఇత్తడి బిళ్ల, 5009. "అయ్యా, నాది అయిదువేల నాలుగు. ఏప్రిల్‌లో కొన్నాను. ఇప్పుడు జూన్. ఇది అయిదువేల తొమ్మిదా?"

"నాణ్యతకు సమయం పడుతుందమ్మా."

"మరి మొదటి అయిదువేలూ ఎక్కడున్నాయి?"

షెడ్డులో రెంచి చప్పుడు ఆగింది. పర్విస్ గొంతు సవరించుకున్నాడు.

"లెక్క అయిదువేల ఒకటి నుంచి మొదలెట్టాం. అందరూ చేసేదే. అయిదువేల ఒకటి మా మామగారి దగ్గరుంది, ఆయన దాన్ని ముట్టుకోడు. రెండోది దుకాణం అద్దాల వెనక. మూడోది ఫొటోకి."

"అంటే నాది..."

"నేల మీద నడిచిన మొదటి గోలియత్, అమ్మా! చరిత్ర!" పర్విస్ చేతులు చాచాడు. "మీరే చెప్పండి, బిళ్ల మీద నాలుగు అని ఉంటే కొనేవారా?"

ఆఫ్కె అబద్ధం ఆడే మనిషి కాదు. నిజంగానే ఆలోచించింది.

"కొనేదాన్ని కాదు. కానీ తప్పు నాదనుకుని రెండు నెలలు కుమిలేదాన్ని కూడా కాదు."

అని నడుం నిలిపి నిలబడింది. ఏప్రిల్ తరవాత అలా నిలబడటం అదే మొదలు. బల్ల దగ్గరి మనిషి రెంచి పట్టుకునే వచ్చాడు. యంత్రాన్ని చేసింది అతనే, పేరు ఎమెట్ స్ట్రౌడ్.

"ఎటు లాగుతోంది మేడమ్?"

"ఎడమకు. మూడుసార్లు రాశానుగా?"

"రాశారా?" స్ట్రౌడ్ ఓపల్ వైపు చూశాడు. ఓపల్ పర్విస్ వైపు చూసింది. పర్విస్ గడియారం చూసుకున్నాడు. "నాకెవరూ చెప్పలేదు," అన్నాడు స్ట్రౌడ్. "నేను తోలింది ఈ వెనక ఇటుకల నేల మీదే. అక్కడ తిన్నగా పోతుంది." ఇంజనుకు ఎడమపక్క తిరిగే బరువైన ఇనుప చక్రం మీద చెయ్యి వేసి, దాన్ని ఒకసారి తిప్పి చూశాడు. "మెత్తటి నేలలో ఈ పక్క దిగబడుతుంది. అంతే. అంతే కదా! ఛ!"

"ఈయన్ని నాతో పంపండి," అంది ఆఫ్కె.

"స్ట్రౌడ్‌నా? కుదరదమ్మా. అయిదువేల తొమ్మిది ఆగిపోతుంది. కావాలంటే మిమ్మల్ని మిచిగన్ మొత్తానికి ఏజెంటుగా వేస్తాను. మెప్పు ఎంత చక్కగా రాశారు!"

"రాస్తాను. మా డచ్చివాళ్ల చర్చి పత్రిక ఒకటుంది. మిచిగన్‌లో ఉల్లి వేసేవాళ్లు, సెలరీ కూర వేసేవాళ్లు అందరూ చదివేది అదే. అక్కడ మీ నీలం పెన్సిలు ఉండదు. ఈసారి మధ్య వాక్యాలు కూడా వస్తాయి."

పర్విస్ కొంచెంసేపు కిటికీలోంచి బట్టలుతికేవాళ్ల పొగగొట్టం చూశాడు. తరవాత స్ట్రౌడ్‌కు వారం రోజులు ఇచ్చాడు. ఇస్తూ, అది కంపెనీ తన యజమానులకు చేసే ఉచిత సేవ అని ఓపల్‌తో రాయించుకున్నాడు కూడా.

మర్నాడు స్ట్రౌడ్ ఉల్లి చేలో దిగీ దిగగానే చీలమండ దాకా కూరుకుపోయాడు.

"ఇలాంటి నేల ఉంటుందని నాకు తెలీదు," అన్నాడు.

"నేల తెలీకుండా నేల దున్నే యంత్రం చేశావా నాయనా?" అన్నాడు డౌవె గట్టు మీదనుంచి. "చేపని చూడకుండా వల అల్లినట్టుంది నీ పని."

"ఉల్లి కూడా కూరలోనే చూశానండీ ఇంతవరకు."

కుడివైపు బరువు కట్టాలన్నాడు స్ట్రౌడ్. ఇల్లంతా వెతికితే సరిపడే ఇనుము ఒకటే దొరికింది. డౌవె కాఫీ కాచుకునే పొయ్యి తలుపు. డౌవె అడ్డం నిలబడ్డాడు. తన తుంటి విరిగినప్పుడు కూడా అంత గొడవ చేయలేదు. చివరికి ఆఫ్కె అతని మొహం చూడకుండా తలుపు ఊడదీసుకుని పోయింది. చక్రాలు దిగబడకుండా వాటి చుట్టూ వెడల్పాటి చెక్కలు బిగించారు. బిగించినవి రెండుసార్లు విరిగాయి. మూడు రోజులు ఆ పనికే పోయాయి, కలుపు ఆ మూడు రోజులూ ఊరుకోలేదు.

నాలుగో రోజు గోలియత్ ఒక సాలు తిన్నగా వెళ్లింది. తరవాతి సాలులో మళ్లీ కొంచెం ఒరిగింది. బరువు ఇంకాస్త ముందుకు జరిపారు. ఈసారి చివరిదాకా వెళ్లింది. వెనక్కి చూస్తే ఉల్లి రెండు పక్కలా నిలబడే ఉంది. స్ట్రౌడ్ టోపీ పైకి విసిరాడు. అది చేలో పడింది, ఇంక తలకు పనికిరాలేదు.

"మొదలే నడవాల్సిన నడక ఇది," అంది ఆఫ్కె. అంతకుమించి మెచ్చుకోలేదు.

కానీ ఎదిగిపోయిన కలుపును కత్తులు కోయలేకపోయాయి. ఒకటిన్నర ఎకరం యంత్రానికి లొంగింది. అర ఎకరం గోలియత్ అంతకుముందే తినేసింది. మిగతా రెండెకరాలు చేతులతోనే తీయాలి. ఆఫ్కె గోనెపట్టాలు తెచ్చి మోకాళ్లకు కట్టుకుంది. ఇంకో జత స్ట్రౌడ్ ముందు పడేసింది. అతను కట్టుకుని పక్క సాలులోకి దిగాడు. మధ్యాహ్నానికి అతని మోకాళ్లు కూడా చప్పుడు చేయసాగాయి.

"అక్కా, ఇది పన్నెండేళ్లు చేశావా?" అన్నాడు నడుం పట్టుకుని.

"మాట్లాడితే వేళ్లు ఆగుతున్నాయి నీకు."

ఏడో రోజు పర్విస్ నుంచి టెలిగ్రాం వచ్చింది. వెంటనే తిరిగి రమ్మని, అయిదువేల పదికి ఆర్డరు వచ్చిందని. స్ట్రౌడ్ చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చేను వైపు చూశాడు. పాకవలసినవి ఇంకా ముప్పై సాళ్లున్నాయి.

"జవాబు ఏమని రాయను?" అని గట్టు మీదనుంచి డౌవె పెన్సిలు తీశాడు.

"నేల మెత్తగా ఉంది, మనిషి దిగబడ్డాడు అని రాయండి," అని స్ట్రౌడ్ మళ్లీ సాలులోకి వంగాడు. అతనికంటే నాలుగడుగులు ముందున్న ఆఫ్కె, అతను అందుకునేదాకా ఆగింది.