గంజి పెట్టని చొక్కా

పొద్దున్నే షట్టరు ఎత్తగానే అత్త చేసే మొదటి పని పాట పెట్టడం. ఇస్త్రీపెట్టె వేడెక్కించడం ఆ తర్వాతే. మేనకోడలు బట్టల మీద నీళ్ళు చిలకరించేది. పాట బాగుంటే హ్యాంగర్లకి వేలాడే చొక్కాలు చేతులు కలిపి చప్పట్లు కొట్టేవి, బాగోకపోతే ఊరుకునేవి. బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు "మా ఆయన చొక్కా ఇవాళ ఏ పాటకి కొట్టిందమ్మా?" అని అడిగి, సంచిలో పెట్టుకుని పోయేవాళ్ళు.

'ఉరుముల బండి' అనే రాక్ బ్యాండంటే ఆ లాండ్రీలో ప్రాణం. అత్తకీ, మేనకోడలికీ, పక్కనున్న బేకరీ బాబాయికీ, ఎలక్ట్రీషియనుకీ. ఆ ఎలక్ట్రీషియను బల్ల కనిపిస్తే బల్ల, బకెట్టు కనిపిస్తే బకెట్టు వాయిస్తాడు కాబట్టి అందరూ అతన్ని డ్రమ్ము అనే పిలిచేవాళ్ళు. బ్యాండువాళ్ళ జుట్టు తెల్లబడింది, గిటారాయన మోకాళ్ళు మార్పించుకున్నాడు, వీళ్ళ ప్రేమ మాత్రం నెరవలేదు.

ఆ రోజు కొత్త పాట వచ్చింది. వచ్చే నెల ఆల్బం, దానికి ముందు రుచి చూపించినట్టు ఈ ఒక్కటీ వదిలారు. పేరు 'ఇంకాసేపు ఉండు'. దానికోసం పొద్దుట్నుంచీ వేరే పాటేదీ పెట్టకుండా కాసుకుని కూర్చున్నారు.

అదే రోజు మేనకోడలు ఒక మాట తేల్చాలి. అత్త పొరుగూళ్ళో ఇంకో లాండ్రీ తెరుస్తోంది. "నువ్వెళ్తావా, వేరే మనిషిని పెట్టనా? సాయంత్రంలోగా చెప్పు" అని అందరి ముందే అంది. ఆ పిల్లకి వెళ్ళాలనే ఉంది. తనదంటూ ఒక షట్టరు! కానీ డ్రమ్ము ఒక్క మాటైనా అంటాడేమోనని మనసు వెనక్కి లాగుతోంది. ఏడాదిగా అతను పాడవని స్విచ్చిని బాగుచెయ్యడానికి రోజూ వస్తున్నాడు. స్విచ్చి గురించి తప్ప ఇంకేం మాట్లాడడు.

పాట మొదలైంది. ఒకే ఒక్క గిటారు, మెల్లగా. ముసలి గొంతు, ఇంకా మెల్లగా. పాట అయిపోయింది. చొక్కాల్లో కదలికే లేదు.

"చూశారా! చొక్కాలే ఒప్పుకోలేదు" అన్నాడు డ్రమ్ము. "ఇది ఉరుముల బండి కాదు, ఉయ్యాల బండి."

"సన్న సెగ మీద కాలిన రొట్టెకే రుచిరా అబ్బాయ్" అన్నాడు బేకరీ బాబాయి.

"కాలలేదు బాబాయ్, మాడింది."

"వాడి గొంతు పోయింది. తుప్పు పట్టిన గేటు నయం" అంది అత్త. "ఆల్బమంతా ఇలాగే ఉంటే గోడ మీదున్న వాళ్ళ పోస్టరు చింపి పారేస్తా."

"చింపుతావులే వదినా! పోయిన ఆల్బానికీ ఇదే అన్నావు, ఇంకా పెద్దది తెచ్చి అంటించావు" అన్నాడు బాబాయి.

"నాకు నచ్చింది" అంది మేనకోడలు. "వెళ్ళిపోయే మనిషిని ఉండమంటున్నాడు. అరిచి అడుగుతారా ఎవరైనా?"

డ్రమ్ము చెవులు ఎర్రబడ్డాయి. "అడిగితే మాత్రం ఆగుతారా? దండగ."

"అడిగి చూస్తే కదా తెలిసేది."

"మనం పాట గురించే కదా మాట్లాడుకుంటున్నాం?" అన్నాడు బాబాయి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

"పాట గురించే!" అన్నారిద్దరూ ఒక్కసారే.

ఇంతలో అత్త ఒక చొక్కా చెయ్యి పట్టుకుంది. అది చెక్కలా టక్కుమంది. "నా మతి మండిపోను! రేపు పాట వస్తుందన్న సంబరంలో నిన్న గంజి రెండుసార్లు పోశాను. మోచెయ్యి వంగితే కదా పాపం, చప్పట్లు కొట్టడానికి!"

"అయితే ఈ తీర్పు చెల్లదు" అన్నాడు బాబాయి, గెలిచినంత సంతోషంగా. "గంజి లేనిది ఒక్కటీ లేదా?"

"ఒకటుంది" అంది మేనకోడలు.

నిచ్చెనెక్కి వైర్లు లాగేటప్పుడు చేతులు వంగవని డ్రమ్ము తన చొక్కాకి గంజి వద్దనేవాడు. ఆ నీలం చొక్కాని తెచ్చి మధ్యలో తగిలించింది.

డ్రమ్ము మొహం పాలిపోయింది. "అది వద్దు. దానికి సంగీతం తెలీదు."

"నీ చొక్కాయేగా, నీ మాటే అంటుంది. భయమెందుకు?" అని అత్త మళ్ళీ పాట పెట్టింది.

చొక్కా చప్పట్లు కొట్టలేదు. ముసలాయన 'ఇంకాసేపు ఉండు' అనే చోట మాత్రం దాని కుడిచెయ్యి నెమ్మదిగా లేచి, గాల్లో తడుముకుంటూ వెళ్ళి, మేనకోడలి మణికట్టు పట్టుకుంది. పాట అయిపోయినా వదల్లేదు. కాలరు సిగ్గుతో వాలిపోయింది.

"ఆల్బం బాగుండేట్టుంది" అన్నాడు బాబాయి, దగ్గి.

నమ్మిన స్నేహితుడే గుట్టు విప్పేసినట్టు డ్రమ్ము తన చొక్కా వంక చూశాడు.

"నేను వెళ్తున్నా అత్తా. ఆ కొట్టు నాకు కావాలి" అంది మేనకోడలు. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

డ్రమ్ము జేబులోని స్క్రూడ్రైవరు తీసి అటూ ఇటూ తిప్పాడు. "ఆ కొట్టుకి... వైరింగు అయిందా?"

"ఇంకా లేదు."

"స్విచ్చిలు ఎన్నుంటాయి?"

"బోలెడు. అన్నీ పాడైపోయేవే పెట్టిస్తా."

వెనకాల గంజి చొక్కాలు, మోచేతులు విరిగితే విరిగాయని, టపటపా చప్పట్లు కొట్టాయి.