శాంపిల్ ఫ్లాటులో పొట్టి మంచం

నేను ఒక మంచాన్ని. నాలుగు కాళ్ళూ తలవైపు బల్లా అన్నీ సక్రమంగానే ఉన్నాయి గానీ, నా మీద పడుకోవాలని మాత్రం ఆశపడకండి. నా పొడవు ఐదడుగుల రెండంగుళాలు. మీ ఇంట్లో మంచం ఆరుంపావు అడుగులకు తక్కువుండదు, కావాలంటే కొలిచి చూసుకోండి. చెక్క చాలక నాకు ఆ అడుగు తక్కువైందని అనుకునేరు. నన్ను పొట్టిగా పుట్టించడం వెనక చాలా పెద్ద బుర్రలే పనిచేశాయి.

కొల్లూరు దాటాక, ఔటర్ రింగు రోడ్డుకు అవతల, నిన్నమొన్నటిదాకా జొన్నచేలున్న చోట ఒక కంపెనీ రెండు టవర్లు తలపెట్టింది. ఆ ప్రాజెక్టు పేరు చెప్పను. అందులో ఒక పువ్వూ ఉంది, కాస్త ఇంగ్లీషూ ఉంది, అంతవరకు చాలు. వాటిలో 'ఏ' టవరు ఆరో అంతస్తు దాకా లేచింది. బీ టవరు ఇంకా గోతిలోనే ఉంది. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఈ కాలంవాళ్ళు కట్టకముందే చూడమంటున్నారు. అలా చూపించడానికే గేటు పక్కన శాంపిల్ ఫ్లాటు ఒకటి కట్టారు. రేపు బీ టవరులో రాబోయే ఫ్లాటుకు అది నమూనా. గోడల కొలతల్లో అబద్ధం లేదు. అబద్ధమంతా సామానులో ఉంది.

నన్ను చేసినవాడు ఉపేంద్రాచారి. పటాన్‌చెరు పక్కన ఆయనకు చిన్న కార్ఖానా ఉంది. మంచం చెయ్యమని ఎవరొచ్చినా ఆయన ముందుగా అడిగేది ఒక్కటే, పడుకునే మనిషి ఎంత పొడుగని. ఆ పొడుగుకు ఒక జానెడు కలిపి చెక్క కోస్తాడు. మేనేజరు హరనాథ్ గారు కాగితం మీద కొలతలు రాసిస్తే, ఆచారి కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"ఇదేంది సారూ, పిల్లల మంచమా?"

"కాదండీ, పెద్ద బెడ్‌రూముకే. మంచం చిన్నదైతే గది పెద్దదిగా కనపడుతుంది."

"మరి పండుకునేటోళ్ళ కాళ్ళు యాడ పెట్టాలె?"

"ఎవరూ పడుకోరండీ. చూస్తారంతే."

ఆచారి నాలుగు రోజులూ గొణుక్కుంటూనే చేశాడు. పనిలో మాత్రం లోటు చెయ్యలేదు. అంచులు నున్నగా తీసి, టేకు రంగు పాలిష్ రెండుసార్లు పట్టించాడు. ఆటో ట్రాలీ ఎక్కించేటప్పుడు నా తలవైపు బల్లను తట్టి "మాఫ్ చెయ్యి" అన్నాడు. ఎందుకన్నాడో నాకప్పుడు తెలియలేదు.

శాంపిల్ ఫ్లాటులో నా తోటివాళ్ళను చూశాక తెలిసింది. టీవీ ఒక అట్టముక్క. ఫ్రిజ్ వట్టి డొల్ల. సోఫాలో కాస్త ఒళ్ళున్నవాళ్ళు ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాల్సిందే. గదులకు తలుపులే బిగించలేదు, తలుపుంటే ఇరుకుగా కనిపిస్తుందట. పైన పటారం, లోన లొటారం అంటారే, అదీ మా సంసారం. వచ్చినవాళ్ళు మాత్రం గుమ్మంలోనే "అబ్బ, ఎంత విశాలంగా ఉందో!" అనేవాళ్ళు. జానెడు గట్టు కోసం అన్నదమ్ముల మీద కేసులేసే మనుషులు, ఇల్లు చూడటానికొస్తే ఒక్కరూ టేపు తియ్యరు. ఇక్కడ బీరువా, అక్కడ కుట్టుమిషను అనుకుంటూ ఆ కాసేపట్లోనే కాపురం పెట్టేసేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది. వాళ్ళంటే ఇష్టం కూడా కలిగేది.

వాళ్ళకు ఫ్లాటు చూపించే పిల్ల పేరు సుకన్య. సిద్దిపేట వైపు నుంచి వచ్చి మియాపూర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటోంది. ఉద్యోగంలో చేరి మూడో నెల. ఈ నెలలో ఒక్క ఫ్లాటైనా అమ్మకపోతే ఇంటిదారి పట్టమని హరనాథ్ గారు ముందే చెప్పేశారు. అందుకని ఆ పిల్ల కంపెనీవాళ్ళు నేర్పిన పలుకులన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పేది. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే అదే. నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం దుప్పటి సర్దుతున్నట్టు తల దించుకునేది.

ఒక గురువారం సాయంత్రం బాలమణి వచ్చింది. ఆర్టీసీలో కండక్టరు, డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చింది. హాలు చూడలేదు, వంటిల్లు చూడలేదు. నేరుగా పడకగదిలోకి వచ్చి, నా కాళ్ళవైపుకూ గోడకూ మధ్య నిలబడి చేతులు బార్లా చాపింది. ఆ సందులో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. బాత్‌రూము ఆ సందు చివర ఉంది.

"ఇంత జాగ ఉంటదా బిడ్డా, కట్టినంక గూడ?"

"గది ఇదే సైజు ఉంటుంది మేడమ్," అంది సుకన్య. ఆ మాటలో అబద్ధం లేదు, అదే దాని గడుసుతనం.

అప్పుడు బాలమణి తన సంగతి చెప్పింది. భర్త కొమురయ్య కరెంటు లైన్‌మ్యాన్. ఏడేళ్ళ కింద స్తంభం మీంచి పడ్డాడు, నడుము కింద పని చెయ్యదు. ఆరడుగుల మనిషి. వాళ్ళుండే అద్దె ఇంట్లో చక్రాల కుర్చీ బాత్‌రూము దాకా పోదు. ఎత్తి దించడానికి ఆమె ఉండాలి. ఆమె డ్యూటీకి పోతే వచ్చేదాకా దాహమైనా ఆయన నీళ్ళు తాగడు.

"ఇంకేం కోరికలు లేవు మాకు. ఆయనొక్కడే పోయి రావాలె. నన్ను పిలవకుంట," అంది. ఆదివారం ఆయన్ను తీసుకొచ్చి సంతకం చేస్తామని చెప్పి బస్సుకు పరుగెత్తింది.

ఆమె వెళ్ళాక సుకన్య ఆ సందులో చాలాసేపు నిలబడింది. అసలైన మంచం వేస్తే ఆ సందులో అడుగుపైగా పోతుంది. కుర్చీ తిరగదు. మంచాన్ని ఎటు తిప్పినా ఏదో ఒక గుమ్మానికి అడ్డమే. ఈ లెక్క నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. అదివరకు ఎంతమంది మోసపోయినా ఇల్లు కాస్త ఇరుకైందని సణుక్కుంటారులే అని సరిపెట్టుకున్నాను. ఈసారి నాకు సిగ్గేసింది. ఆచారి మాఫ్ చెయ్యమన్నది నన్నెందుకో, కొమురయ్యను అడగాల్సింది.

ఆదివారం వాళ్ళొచ్చారు. శాంపిల్ ఫ్లాటుకు మూడు మెట్లుంటే నలుగురు కూలీలు కుర్చీ ఎత్తి లోపల పెట్టారు. కొమురయ్య భుజాలు ఇంకా స్తంభాలెక్కే మనిషి భుజాల్లాగే ఉన్నాయి. చక్రాలు తనే తిప్పుకుంటూ నా పక్కగా వచ్చి, కాళ్ళవైపు మలుపు తిరిగి, బాత్‌రూము గుమ్మం దాకా వెళ్ళి గోడను చేత్తో తాకాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఇంకోసారి వెళ్ళాడు.

"మణీ, చూసినవా? ఎక్కడ గూడ తాకుతలేదు!" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు చూసి బాలమణి కళ్ళు తుడుచుకుంది. హరనాథ్ గారు చిరునవ్వుతో కాగితాలు తెరిచారు.

గోడ దగ్గర నిలబడిన సుకన్య ఉన్నట్టుండి చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా మీదికెక్కి, దిండు మీద తల పెట్టి వెల్లకిలా పడుకుంది. పుట్టి ఏడాదైనా నా మీద మనిషి బరువు పడటం అదే మొదలు. ఆమె పాదాలు నన్ను దాటి గాల్లో నిలబడ్డాయి.

"ఏంటమ్మా ఇది? లే ముందు!" హరనాథ్ గారు అరిచారు.

సుకన్య లేవలేదు. "అన్నా, అసలు మంచం నా కాళ్ళ దాక వస్తది. ఇప్పుడు తిరుగుండ్రి," అంది. నేర్పిన పలుకులన్నీ ఎక్కడికి పోయాయో, ఇంట్లో మాట్లాడే మాట బయటికొచ్చింది.

కొమురయ్య కుర్చీ కదిపాడు. మలుపు దగ్గర కుర్చీ వచ్చి ఆమె అరికాళ్ళకు తగిలింది. వెనక్కి లాగి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ తగిలింది. మూడోసారి ప్రయత్నించలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

బాలమణి మండిపడింది. "మొన్ననే చెప్తే నీ నోరు పడిపోతుండెనా? ఆయన గింత ఆశపడ్డంక చెప్తవా?"

"నౌకరి పోతదని భయపడ్డ అక్కా. తప్పయింది." సుకన్య లేచి కూర్చుని ఏడ్చేసింది. నాకు నోరుంటే నేనూ తప్పు ఒప్పుకునేవాణ్ణి. అసలు దోషం నాదే కదా.

కొమురయ్యే తలెత్తాడు. "ఆ గోడ కట్టిన్రా?"

"ఏ గోడ అన్నా?"

"బీ టవర్ల, మా ఫ్లాటుది. ఈ మంచం కాళ్ళకాడి గోడ."

"ఇంకా పిల్లర్లే లేవలే."

"మరి కట్టని గోడకు ఏడుసుడెందుకు? ఇంజనీరును పిలువుండ్రి. జరపుమందాం."

సైటు ఇంజనీరు మసూద్ గారు సిమెంటు చేతులతోనే వచ్చారు. ప్లాను విప్పి నా మీదే పరిచారు. పడకగదికీ హాలుకూ మధ్యనున్న ఆ గోడ వట్టి ఇటుక గోడే, బరువు మోసేది కాదు. "అడుగున్నర జరపొచ్చు. బాత్‌రూము తలుపు కూడా వెడల్పు చేద్దాం. కానీ హాలు చిన్నదైతది," అన్నారు.

"హాల్ల నాకేం పని సారూ," అన్నాడు కొమురయ్య.

ప్లాను మార్చడం కుదరదని హరనాథ్ గారు ఒకసారి అన్నారు. మళ్ళీ కాగితాల వంక చూశారు, గుమ్మం వైపు కుర్చీ తిప్పుకుంటున్న కొమురయ్య వంక చూశారు. కోపం సంగతి తర్వాత చూడొచ్చు, చేతికొచ్చిన బేరం పోతే రాదు కదా. సరే కానివ్వమన్నారు. మసూద్ గారు పాత గీతను రబ్బరుతో చెరిపి కొత్త గీత గీశారు. పక్కన కొలత వేసి సంతకం పెట్టారు. ఊళ్ళో కట్టేసిన ఇళ్ళ గోడలు జరగాలంటే సుత్తులు కావాలి. ఇంకా కట్టని ఇంటికి ఇంత అదృష్టం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

సుకన్య ఉద్యోగం నిలిచింది. వారం రోజులు హరనాథ్ గారు ఆమెతో మాట్లాడలేదు, అంతే. ఆ తర్వాత ఆ పిల్ల ఎవరొచ్చినా ముందు నన్నే చూపించి "ఇది పొట్టి మంచం సార్, దీన్ని చూసి గదిని కొలవకండి" అనేది. కొందరు ముఖం చిట్లించి వెళ్ళిపోయారు. ఇంకో ముగ్గురు మాత్రం తమకు కావలసినట్టు గోడలు జరిపించుకుని మరీ కొన్నారు.

రెండున్నరేళ్ళకు బీ టవరు లేచింది. శాంపిల్ ఫ్లాటును పడగొట్టారు. అట్టముక్క టీవీ చెత్తబండి ఎక్కింది, సోఫా ఎక్కడికి పోయిందో తెలియదు. నన్ను రంగుల మేస్త్రి తీసుకున్నాడు. గదిగదికీ నన్ను ఈడ్చుకుంటూ, నా మీద నిలబడి పైకప్పులకు రంగులు వేశాడు. ఆచారి పాలిష్ అంతా తెల్లచుక్కలతో నిండిపోయింది. పని దొరికిందన్న సంతోషంలో నేనది పట్టించుకోలేదు.

మూడో అంతస్తులో ఒక ఫ్లాటుకు రంగులు వేస్తుండగా, తాళాలు తీసుకునే ముందు తమ ఇల్లు చూసుకోవడానికి బాలమణి, కొమురయ్య వచ్చారు. వెంట సుకన్య ఉంది. ఈసారి బాలమణి సంచీలో టేపు తెచ్చుకుంది. నన్ను గుర్తుపట్టి "ఈ దొంగ మంచం ఇంకా ఉన్నదా?" అంది. మేస్త్రి చేత నన్ను గోడకు సరిగ్గా వేయించి, టేపుతో కొలిచి, నా కాళ్ళవైపు రంగు డబ్బాలు రెండు పెట్టించింది. అసలు మంచం అక్కడిదాకా వస్తుందన్నమాట.

కొమురయ్య కుర్చీ నడిపాడు. డబ్బాలను తాకకుండా మలుపు తిరిగింది. వెడల్పాటి తలుపు దాటి లోపలికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ బాలమణి వెనకే నడిచింది. ఆమె గుమ్మం చేరేలోపే ఆయన తలుపు వేసుకుని గడియ పెట్టుకున్నాడు.

ముఖం మీద తలుపు వేస్తే మనుషులకు కోపమొస్తుందని విన్నాను. బాలమణి ఆ మూసిన తలుపు ముందు నిలబడి నవ్వింది, ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఆయన్ను ఎత్తి దించిన ఆ రెండు చేతులనూ ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు. లోపల నల్లా తిప్పిన చప్పుడు, నీళ్ళ చప్పుడు, చాలాసేపు.

"మణీ, తువ్వాల మర్చిపోయిన. తేవా?"

ఆమె సంచీలోంచి తువ్వాలు తీసింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి వచ్చి, దాన్ని మడతపెట్టి నా మీద పెట్టింది.

"మంచం మీద పెట్టిన. వచ్చి తీస్కో."

లోపల కొమురయ్య గట్టిగా నవ్వాడు. గడియ తీశాడు. ముఖమంతా నీళ్ళు కారుతుండగా తలుపు దాటి, డబ్బాల పక్కగా మలుపు తిరిగి, నా దాకా వచ్చి, చెయ్యి చాచి తువ్వాలు అందుకున్నాడు.