రేవు దాకా

అసిరమ్మ మొగుణ్ని ఎడమ పక్కకి ఒత్తిగిలించి వీపుకి పౌడరు అద్దుతూండగా లాప్‌టాప్ ఆగిపోయింది.

"మళ్లీ పోనాదే!" అన్నాడు నూకరాజు. "రేవు ఎర్రదీపం కనబడినాది. ఇంకొంచెం సేపుంటే కట్టీసీవోణ్ని."

ఆమె పౌడరు చేతిని కొంగుకి తుడుచుకుని దాని అడుగున అరచెయ్యి పెట్టి చూసింది. అట్లపెనంలా కాలుతోంది.

అది హర్షితది. అసిరమ్మ అన్నకూతురు. చదువైపోయి ఉద్యోగంలో చేరాక కొత్తది కొనుక్కుని, పాతది తెచ్చి మామయ్య మంచం మీద పెట్టింది. అందులో బోటు ఆట ఒకటి ఎక్కించింది. బోటు తీసుకుని నడిసముద్రంలోకి వెళ్లాలి, వల వేయాలి, నిండాక మళ్లీ రేవుకి తెచ్చి కట్టాలి. నాలుగేళ్లుగా ఇంటి కప్పు తప్ప ఏమీ చూడని మనిషికి ఆ ఆట పట్టుబడటానికి ఎంతోసేపు పట్టలేదు. సముద్రం మధ్యలో ఉన్నంతసేపూ యంత్రం బాగానే ఉంటుంది. రేవు దగ్గరపడేసరికి లోపలి ఫ్యాను గోలపెడుతుంది, తెర నల్లబడుతుంది. మళ్లీ పెడితే కథ మొదటికొస్తుంది.

నూకరాజు గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు డ్రైవరుగా పనిచేసేవాడు. వానలు వెనకబట్టాక వెళ్లి మళ్లీ ఎండాకాలానికి వచ్చేవాడు. ఒక వేటలో వల లాగే ఇనుపతాడు తెగి నడుముకి కొట్టింది. ఆ రోజు బోటుని వేరేవాళ్లు రేవుకి తెచ్చారు. నడుము కిందనుంచి అతనికి స్పర్శ లేదు.

అందుకే కాలినా తెలియలేదు. మొదట్లో లాప్‌టాప్‌ని తొడల మీదే పెట్టుకుని ఆడేవాడు. పోయిన నెల ఒళ్లు తుడుస్తూ దుప్పటి తీసిన అసిరమ్మ కెవ్వుమంది. కుడి తొడ మీద అరచేతంత బొబ్బ చితికి, దుప్పటికి అంటుకుపోయి ఉంది. ఆమె యంత్రాన్ని తీసి అటక మీద పడేసింది. నూకరాజు పోట్లాడలేదు. ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. రోజూ ఏ చేప పడిందో, ఎవరి బోటు ముందొచ్చిందో అడిగే మనిషి అడగడం మానేశాడు. కొన్నాళ్లు చూసి ఆమే దాన్ని కిందికి దించింది. వడ్రంగిచేత మంచానికి సరిపడా చిన్న బల్ల చేయించింది. పుండుకి నర్సమ్మ కట్టు కడుతోంది. అంచులు ఆరాయి గాని నడిమి మాత్రం తడితడిగానే ఉంది.

"ఒళ్లు కాలతన్నాది మావా," అంది అసిరమ్మ, అతని నుదురు తాకి.

"దీని సెగే. పొద్దున్నించీ దీని పక్కనే ఉన్నాను కదేటి."

"ఆసుపత్రికి ఎల్దారి."

"రేపెల్దారి. ఇయ్యాల దీన్ని పట్టుకెల్లి సూపించు. నాను ఎక్కడికీ పారిపోను గదా."

ఆమెకి నవ్వొచ్చింది. అతను అలా మాట్లాడి చాన్నాళ్లయింది.

ఒడ్డుకి వెళ్లి వేలంపాటలో కవళ్ల చేపలు కొని, గంపలో ఐసు పరిచి, బుల్లమ్మతో కలిసి ఆటో ఎక్కింది. గంప కాళ్ల మధ్య, పాత చీరలో చుట్టిన లాప్‌టాప్ ఒళ్లో. ఐసు నీళ్లు తగలకుండా భోగాపురం దాటి విజయనగరం చేరేదాకా మోకాళ్లు ఎత్తిపెట్టుకునే కూర్చుంది. పొడగరి మనిషి. ఏళ్లతరబడి గంప మోసి నడినెత్తిన జుట్టు పలచబడింది. వేళ్ల నిండా మొప్పలు గీసుకున్న గాట్లు, వాటి మీద ఉప్పు.

"పసిపిల్లని మోసినట్టు మోస్తన్నావు," అంది బుల్లమ్మ.

అసిరమ్మకి, నూకరాజుకి పిల్లలు లేరు. ఆ మాట ఎందుకన్నానా అని బుల్లమ్మే నాలిక కరుచుకుని, "గంప నాకాడ ఒదిలీ. నీ సేపలు కూడా నానమ్ముతాను. నువ్వెల్లు," అంది.

మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర సందులో ఉమాపతి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. తన దగ్గర చేపల వాసన వస్తుందని అసిరమ్మ గుమ్మం అవతలే నిలబడి మూట అందించి, ఆటలో బోటు రేవు దగ్గరికి రాగానే ఆగిపోతోందని చెప్పింది.

"లోపలికి రామ్మా, ఎండలో ఎందుకు?" అన్నాడు ఉమాపతి. అడుగు మరలు తీసి, చిన్న బ్రష్షుతో లోపలినుంచి దుమ్ము తీశాడు. దూదిపరుపు ముక్కలా వచ్చింది. "గాలి బయటికెళ్లే దారి మూసుకుపోయింది. పరుపు మీద పెట్టి ఆడతాడా మీ అబ్బాయి?"

"అబ్బాయి కాదు బాబూ. మా ఆయన. మంచం మీదే ఉంతాడు."

ఉమాపతి తలెత్తి చూశాడు.

"సల్లబడతాదని కింద గిన్నెలో ఐసు కూడా పెట్టినాను," అంది ఆమె.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "ఐసు పెట్టకమ్మా. తేమ లోపలికి దిగిపోతుంది. కొత్త ఫ్యాను వేస్తాను. రేవు దగ్గర బొమ్మలెక్కువ కదా, అక్కడే దీనికి పని ఎక్కువ. అందుకే అక్కడ ఆగిపోతోంది."

ఫ్యాను మార్చి, లోపల తెల్లటి మందు పూసి, మరలు బిగించి ఆట పెట్టి చూశాడు. తెర మీద సముద్రం విప్పుకుంది. ఇంట్లో తెర ఎప్పుడూ నూకరాజు వైపే ఉంటుంది. అసిరమ్మ దాన్ని సరిగ్గా చూడటం ఇదే మొదలు.

"బోటు మీద మనిషి లేడేటి బాబూ?"

"ఆడేవాళ్లే మనిషమ్మా."

ఆమె చాలాసేపు ఆ ఖాళీ బోటు వైపే చూస్తూ నిలబడింది.

ఎండ వాలుతూండగా ఇల్లు చేరింది. నూకరాజు కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మూట విప్పిన చప్పుడుకి కళ్లు తెరిచాడు. ఆమె నీళ్లు పట్టించి, వీపు వెనక తలగడలు ఎత్తిపెట్టి, బల్ల సర్ది తీగ తగిలించింది. చీముతో తడిసిన కట్టు తనే మార్చి, గిన్నెలు తోమి, కూరకి ఉంచుకున్న చేపలు కడిగి, కూర పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి అతను ఇంకా ఆడుతూనే ఉన్నాడు.

ఆమె యంత్రం అడుగున చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. అదే చెయ్యి అతని నుదుటి మీద పెట్టి చటుక్కున తీసేసింది.

"ఇది సల్లగానే ఉన్నాది మావా. నీ ఒళ్లే..."

"రేపు పొద్దున్నే ఆటోకి సెప్పు. ఎల్దారి. ఇప్పుడు మాటాడకు, రేవు మొగలోకి వచ్చీసినాను."

ఆమె అతని తల వెనక్కి వెళ్లి నిలబడింది. ఎర్రదీపం పక్కకి తప్పుకుంది. రెండు వైపులా బోట్లు ఆగి ఉన్నాయి. వాటి మధ్య సన్నటి దారి. నూకరాజు వేగం తగ్గించాడు. అతని ముఖంలో తొందర లేదు. మెడ కొంచెం ముందుకి చాచి, ఎడమ కన్ను చికిలించి చూస్తున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో మొగుడు బోటు నడుపుతూంటే ఆమె ఎన్నడూ చూడలేదు. అతను నడిపిందంతా ఎక్కడో గుజరాత్ నీళ్లలో. ఇలా మెడ చాచేవాడన్నమాట, అనుకుంది.

బోటు గట్టుకి మెల్లగా ఆనింది. తాడు పడింది.

"కట్టీసినాను. సూసినావా, అసిరీ?"

"సూసినాను మావా."

అతను తలగడల మీదకి వాలాడు. "ఆకలేస్తన్నాది," అన్నాడు.

ఆ మాట విని ఎన్నాళ్లయిందో. అసిరమ్మ వంటగదిలోకి దాదాపు పరిగెత్తింది. అన్నం వేసి, కూర వేసి, కవళ్ల ముళ్లు ఒక్కొక్కటే తీస్తూ అక్కణ్నుంచే కబుర్లు చెప్పింది. బుల్లమ్మ తన చేపలు అమ్మిపెట్టిందని, దుకాణం అబ్బాయి లోపలికి పిలిచాడని, గిన్నెలో ఐసు సంగతి చెబితే నవ్వాపుకున్నాడని. నూకరాజు కాసేపు ఊఁ కొట్టాడు. తరవాత కొట్టలేదు. మళ్లీ వేటకి బయల్దేరినట్టున్నాడు అనుకుంది.

కంచం తెచ్చేసరికి అతని తల తెర వైపు ఒరిగి ఉంది. చెయ్యి మౌస్ మీదే ఉంది.

"మావా, ముద్ద పెడతాను లే."

కంచం కింద పెట్టి నుదురు తాకింది. వేడిగానే ఉంది. ఆ వేడి చూసి ఆమె ధైర్యం తెచ్చుకుంది. భుజం పట్టుకుని కుదిపింది, పేరు పెట్టి పిలిచింది, గుండెల మీద చెవి పెట్టి వింది. ఎంతసేపు విన్నా పొయ్యి మీద కూర ఉడుకుతున్న చప్పుడే వినబడింది.

ఆమె కేక విని బుల్లమ్మ వచ్చింది. తరవాత వాడ అంతా వచ్చింది. నలుగురు కలిసి అతన్ని అరుగు మీదికి మార్చారు. అసిరమ్మ తల దగ్గర కూర్చుని, నుదుటి మీద పెట్టిన చెయ్యి తీయకుండా, ఆ వేడి కొంచెం కొంచెంగా పోతుంటే పోనిస్తూ ఉండిపోయింది.

"లోపల అదింకా ఎలుగుతన్నాది. ఆపీసి రా," అంది బుల్లమ్మ.

అసిరమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఖాళీ మంచం పక్కన నిలబడి దాన్ని చూసింది. దాన్నెలా ఆపాలో ఆమెకి తెలియదు. ఇన్నాళ్లూ దానంతటదే ఆగిపోయేది.

గట్టుకి కట్టిన బోటు తెర మీద మెల్లగా ఊగుతోంది. యంత్రం పక్కనుంచి చల్లటి గాలి సన్నగా వస్తూనే ఉంది.