బొత్తాం కూడా ఒక కరెన్సీయే

బొత్తాల పిన్నికి మనిషి మొహం కంటే ముందు చొక్కా బొత్తాలు కనిపిస్తాయి. రేవుకి దిగే వీధిలో ఏళ్ళ తరబడి బొత్తాలు, జిప్పులు, లేసులు, దారపు రీళ్ళు అమ్మీ అమ్మీ ఆవిడ కళ్ళకు ఆ అలవాటు పట్టుకుంది. ఎవరైనా పెద్దమనిషి కొట్లోకి వచ్చి గొప్పలు పోతుంటే, ఆయన చొక్కాకి రెండో బొత్తాం వేరే రంగు దారంతో కుట్టి ఉందని ఆవిడ అప్పటికే గమనించేసి, ఆ గొప్పల్ని సగమే నమ్ముతుంది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. వీధి మొత్తానికి ఆవిడ బొత్తాల పిన్నే.

కొట్లో మనుషులు ముగ్గురు. సరుకు కోసం తిరిగే కొడుకు, కౌంటర్ దగ్గర కోడలు, కోడలి పక్కనే ఎత్తు కుర్చీలో పిన్ని. డబ్బు వ్యవహారమంతా పిన్నిది. ఆవిడ గల్లాపెట్టె అంటే నాలుగు పాత బిస్కెట్ డబ్బాలు. ఓడ దిగి కాసేపు వీధుల్లో తిరిగి వెళ్ళే జనం తమ దేశపు నోట్లే ఇస్తారు కదా, పచ్చ నోట్లు ఒక డబ్బాలో, నీలం నోట్లు ఒక డబ్బాలో, మన డబ్బు మూడో దాంట్లో. నాలుగోది వేరే సంగతి. పచ్చ నోట్ల దేశం నుంచి జిప్పులు తెప్పిస్తే పచ్చ డబ్బాలోంచే కడుతుంది. నీలం నోట్ల దేశం నుంచి లేసులొస్తే నీలం డబ్బాలోంచి. ఏ దేశం డబ్బు ఆ దేశానికే. రేటు ఎంతని అడిగితే, సోమవారం పొద్దున్న ఆవిడ అనుకున్నదే రేటు. ఆ వారంలో ప్రపంచం తలకిందులైనా అది మారదు.

ఈ పద్ధతి ఆడిటర్ గారి ప్రాణం తీసింది. ఏడాది చివర కోడలు ఈ డబ్బాల లెక్కని సంచిలో వేసుకొని వెళ్ళినప్పుడు ఆయన నెత్తి పట్టుకున్నాడు. "చూడమ్మా, అన్ని దేశాల డబ్బూ విడివిడిగా రాసి, చివర్లో ఒక్క లెక్కకి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా పెట్టుకోండి. లేకపోతే ఇంకో ఆడిటర్ని చూసుకోండి. నా వల్ల కాదు," అని చెప్పేశాడు.

ఆ మాట కొడుకు భోజనాల దగ్గర తెచ్చాడు. "డబ్బాలు నీవి కాబట్టి ఎంచుకోవడం కూడా నీదే అమ్మా. మూడు కంపెనీల వాళ్ళు వచ్చి చూపిస్తామన్నారు. ఒకటి కుదిరిందంటే ఇక నువ్వు హాయిగా ఇంట్లో రెస్ట్ తీసుకోవచ్చు."

పిన్ని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కోడలి వంక చూసింది. ఆ పిల్ల 'అదేంటండీ' అంటుందేమో, కనీసం నవ్వి కొట్టిపారేస్తుందేమో అనుకుంది. కోడలు తల వంచుకొని కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

ఇల్లంటే పిన్నికి పడుకోవడానికి బాగుంటుంది, అంతే. పగటిపూట ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. జ్వరం వచ్చి రెండ్రోజులు ఉంటేనే ఆవిడ పెరట్లో తీగ మీది బట్టలకు ఊడిన బొత్తాలు లెక్కపెట్టింది. కొట్టు లేకపోతే తనెవరు? అందుకని ఆ పూట చెయ్యి కడుక్కుంటూనే ఒక నిశ్చయానికి వచ్చేసింది. మూడు కాదు, ముప్పై తెచ్చినా సరే, దేనికైనా ఒక వంక దొరక్కపోదు.

మొదటిది మహా హుషారైన సాఫ్ట్‌వేర్. నోట్ల రేట్లు ఇంటర్నెట్ నుంచి అదే తెచ్చుకుంటుంది, నిమిషం నిమిషానికీ మార్చుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఒక ఓడ ప్రయాణికురాలు వచ్చి లేసు బేరం మొదలుపెట్టింది. ఆవిడ ఈ రంగా ఆ రంగా అని తేల్చుకునే లోపల తెర మీద ధర రెండుసార్లు మారింది. రెండోసారి ఆవిడ లేసు కౌంటర్ మీద పడేసి చక్కా పోయింది.

"బేరం నేను చెడగొడితే ఒక అందం ఉంటుంది. ఇది చెడగొట్టడమేంటి?" అంది పిన్ని. మొదటిది పోయింది.

రెండోది నెమ్మదస్తురాలు. దాన్ని కొన్నాళ్ళు వాడుకోమని ఇచ్చి వెళ్ళారు. ఏ నోటు వచ్చినా వెంటనే మన డబ్బులోకి మార్చి రాసుకుంటుంది, బుద్ధిగా ఉంటుంది. తీరా నెలాఖరుకి ఎర్ర అక్షరాల్లో 'మారకపు నష్టం' అని ఒక అంకె చూపించింది. నీలం నోటు విలువ తగ్గిందట.

"ఆ డబ్బా మూతే తియ్యలేదు నేను. నష్టం ఎలా దూరింది లోపలికి?" అని పిన్ని డబ్బా తెచ్చి కౌంటర్ మీద బోర్లించింది.

నిజం చెప్పాలంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఆడిటర్ గారు ఫోన్లో అదే చెప్పాడు, డబ్బాలో కూర్చున్నా డబ్బు విలువ తగ్గుతుందని. పిన్నికి ఆ సంగతి అర్థమైంది కూడా. కానీ అర్థమైందని ఒప్పుకుంటే తనకి మిగిలేది ఫ్రిజ్ చప్పుడే కదా, అందుకని మొహం గంటు పెట్టుకొని కూర్చుంది. రెండోది కూడా పోయింది.

"పెళ్ళి సంబంధాలకి కూడా ఇన్ని వంకలు పెట్టరమ్మా," అన్నాడు కొడుకు.

"నీకు పెట్టాల్సింది," అంది పిన్ని. కోడలు కిసుక్కున నవ్వి, వెంటనే రీళ్ళు సర్దుతున్నట్టు అటు తిరిగింది.

మూడో కంపెనీ మనిషి ఒక మధ్యాహ్నం, కొడుకు కూడా కొట్లో ఉన్న వేళ, లాప్‌టాప్ సంచితో దిగాడు. నడివయసు, అలసిన మొహం, కుడి ముంజేతి దగ్గర బొత్తాం లేదు. ఇతని పని అయిపోయినట్టే అనుకుంది పిన్ని. కానీ ఆ మనిషి గొప్పలకు పోలేదు. ముందు స్టూలు లాక్కొని కూర్చొని, "మీరు ఇప్పుడు ఎలా చేస్తున్నారో చూపించండి అమ్మగారూ," అన్నాడు. పిన్ని చూపించింది. అతను తలాడిస్తూ విని, తెర మీద పచ్చ డబ్బుకి ఒక ఖాతా, నీలం డబ్బుకి ఒక ఖాతా, మన డబ్బుకి ఒకటి తెరిచాడు. దేన్నీ దేంట్లోనూ కలపలేదు. సోమవారం రేటు చేత్తో వేసుకోవచ్చు, వారమంతా అదే నిలబడుతుంది. ఆడిటర్‌కి ఇచ్చే కాగితంలో మాత్రం అన్నీ కలిపి ఒక్క లెక్క వస్తుంది, ఆ లాభనష్టాలు ఆయన చూసుకుంటాడు.

పిన్ని వంక కోసం వెతికింది, దొరకలేదు. ఇక లాభం లేదని నాలుగో డబ్బా తీసి ఠప్పున అతని ముందు పెట్టింది.

"దీన్ని ఏం చేస్తుందో చెప్పు బాబూ."

డబ్బా నిండా తెల్ల చొక్కా బొత్తాలు. ఓడల వాళ్ళకి వాళ్ళ దేశపు చిల్లర ఇవ్వాలంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? అందుకని చిల్లర బదులు బొత్తాలిస్తుంది. ఓడ మళ్ళీ వచ్చినప్పుడు ఆ బొత్తాలే తెచ్చి కౌంటర్ మీద పెడితే దారమో సూదులో పట్టుకుపోవచ్చు. వీధిలో టైలర్లకీ అదే మర్యాద. పక్కన టీ కొట్టాయన కూడా టీకి బొత్తాలు తీసుకొని, నెలకోసారి పిడికిలి నిండా తెచ్చి పిన్ని దగ్గర మార్చుకుపోతాడు. ఇంతవరకూ ఒక్కరు కూడా బయట కొన్న బొత్తాం తెచ్చి మోసం చెయ్యలేదు. చేస్తే పిన్ని కళ్ళు గప్పలేరనుకోండి, అది వేరే సంగతి.

మొదటి రెండు కంపెనీల వాళ్ళూ ఆ డబ్బా చూసి నీళ్ళు నమిలారు. ఇతను ఒక బొత్తాం తీసి వెలుతురులో చూశాడు. "ఇది చెల్లుతుందా అమ్మగారూ?"

"రేవు దాకా చెల్లుతుంది."

"అయితే ఇదీ కరెన్సీయే," అని అతను 'కొత్త కరెన్సీ' అన్న చోట నొక్కి, పేరు దగ్గర 'బొత్తాం' అని రాశాడు. "రేటు మీరు చెప్పాలి. ఇది ఇంటర్నెట్‌లో దొరకదు."

కోడలు చప్పట్లు కొట్టినంత పని చేసింది. పెన్సిలు చెవి మీద పెట్టుకొని, తెర మీదికి వంగి, "అత్తయ్యా, చూడండి, చూడండి!" అంటోంది. ఆ మొహం చూసి పిన్ని మనసు కరిగిపోయింది. ఆడిటర్ ఆఫీసులో తన డబ్బాల కోసం మాటలు పడింది ఈ పిల్లే. పడినట్టు ఇంటికొచ్చి ఒక్కనాడూ చెప్పలేదు. కొడుకు నోరు జారితే తెలిసింది. ఇంత మంచి పిల్ల కష్టాన్ని తన కుర్చీ కోసం పెంచుతూ పోవడం పిన్నికి సిగ్గనిపించింది.

"ఇది బాగుంది. ఇదే తీసుకోండి," అంది. ఎవరి వంకా చూడకుండా లేచి వెళ్ళి, సర్ది ఉన్న జిప్పుల అరనే మళ్ళీ సర్దసాగింది.

వెనక బేరం నడుస్తోంది. "ఒక్కరే వాడితే ధర తక్కువ. ఇద్దరు వాడాలంటే దాదాపు రెట్టింపు," అంటున్నాడు కంపెనీ మనిషి. "మీ కొట్టుకి ఒక్కరు చాలు కదా సార్."

"చాలు చాలు," అన్నాడు కొడుకు. "అమ్మ ఎలాగూ ఇంట్లో ఉంటుంది."

"అయితే ఈ సాఫ్ట్‌వేర్ వద్దు," అంది కోడలు.

పిన్ని చేతిలో జిప్పు సగంలో నిలిచింది.

"అదేంటి, ఇప్పుడేగా గంతులేశావు?" అన్నాడు కొడుకు.

"ఇద్దరికైతేనే తీసుకోండి. లేకపోతే ఆ ఆడిటర్ దగ్గరికి మళ్ళీ డబ్బాలే మోసుకెళ్తా, ఆయన్ని తిట్టుకోమనండి. మీకేం, మీరు పొద్దున పోతే సాయంత్రం వస్తారు. ఈ కౌంటర్ దగ్గర రోజంతా నాతో ఉండేది అత్తయ్య. ఆవిడ ఇంట్లో కూర్చుంటే నేనిక్కడ ఎవరితో పోట్లాడాలి? ఎవరితో నవ్వాలి?" కోడలు చెవి మీది పెన్సిలు తీసి కౌంటర్ మీద పెట్టింది. "నాకు మా అమ్మతో కూడా ఇన్ని కబుర్లు లేవండీ."

పిన్ని వెనక్కి తిరిగింది. "మరి ఆ రోజు భోజనాల దగ్గర నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు కూర్చున్నావే అమ్మాయ్?"

"మీరు నిజంగానే అలిసిపోయారేమో అనుకున్నా అత్తయ్యా. నా కోసం మిమ్మల్ని ఈ కుర్చీలో కట్టేస్తున్నానేమో అని... మీరే ఏమైనా అంటారని చూశా. మీరూ అన్లేదు."

"రెస్ట్ కావాలని నేనెవరికైనా చెప్పానా?"

"లేదు."

"చెప్పలేదుగా మరి!" అని పిన్ని గబగబా వచ్చి కోడలి చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. కొడుకు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పర్సు తీసి, "ఇద్దరికే ఇవ్వండి సార్," అన్నాడు.

కంపెనీ మనిషి ఇద్దరి పేర్లు అడిగాడు. "మొదటి పేరు యజమానిది. అన్నీ మార్చే అధికారం వాళ్ళకే ఉంటుంది. రెండో వాళ్ళు రాయొచ్చు, చూడొచ్చు, అంతే. ఎవరిది ముందు?"

"అత్తయ్యది," అంది కోడలు.

"అమ్మాయిది," అంది పిన్ని.

"అత్తయ్యా, కొట్టు మీది."

"లెక్క తప్పితే ఆడిటర్ దగ్గర నిలబడేది నువ్వు. పెత్తనం నాదీ, చీవాట్లు నీవీనా? జరుగు."

కోడలు మళ్ళీ ఏదో అనబోయింది. పిన్ని మోచేత్తో ఆమెని పక్కకి నెట్టి, చూపుడువేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ మొదటి గడిలో కోడలి పేరు రాసింది. రాయడం పూర్తయ్యాక ఎవరూ మార్చకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడు దాని కింద నాది రాయి," అంది.