రొట్టెకు నా పేరు దక్కింది

నేను ఒక మట్టిబిళ్లను. అరచేయంత వెడల్పు, ముఖాన ఆరు రేకుల పువ్వు. ఇటలీలో మోదెనా నగరానికి ఎగువన, కొండమీది పూటకూళ్ల ఇంట్లో ఉంటాను. నా పేరు తిజెల్లా. ఈ పేరు మీదే ఆ ఉదయం అత్తాకోడళ్లు మాటా మాటా అనుకున్నారు.

కోడలు నీవెస్ వాకిట్లో పలకమీద ‘వేడి తిజెల్లాలు’ అని రాసింది. అత్త ఎర్సీలియా తడిగుడ్డతో తుడిచేసింది.

“రొట్టె పేరు క్రెషెంతీనా. తిజెల్లా అంటే మట్టిబిళ్ల. వచ్చినవాళ్లకు బిళ్లలు పెడతావా?”

“లోకమంతా అలాగే అంటోంది అత్తయ్యా. ఎంతమందిని దిద్దుతారు?”

ఇద్దరి మాటా నిజమే. పాత లాటిన్‌లో ఇంటి పెంకుకున్న పేరు అరిగి అరిగి నాదయింది. మమ్మల్ని నిప్పుల్లో కాల్చి, బిళ్లమీద రొట్టె, రొట్టెమీద బిళ్ల పేర్చేవారు. తిన్నవాళ్లు రొట్టెను నా పేరుతో పిలవసాగారు. మీ ఇళ్లలో అట్టును ఎవరైనా పెనం అంటారా? ఆ గౌరవం నాకే దక్కింది.

ఎర్సీలియా మామగారి తండ్రి నన్ను చెక్క అచ్చులో ఒత్తాడు. అప్పటినుంచీ అత్త చేతిలోంచి కోడలి చేతిలోకి వస్తున్నాను. నీవెస్ మాత్రం గ్యాస్‌పొయ్యి మీద రొట్టెలు కాల్చే ఇనుప అచ్చు కొన్నది. కట్టెలపొయ్యిని మూసేయడానికి మర్నాడు తాపీమేస్త్రీ రావాలి. పొయ్యి పోతే మేం పన్నెండుమందిమీ చెత్తకుప్పలోకే.

మట్టితో ఎంత అవస్థో చూపిద్దామని నీవెస్ తనే పొయ్యి ముందు కూర్చుంది. పిండిని నేరుగా నామీద పెట్టింది. అది కాస్తా అతుక్కుపోయింది.

“చూశారా?” అంది.

ఎర్సీలియా ఆ పిండిని గీకి పారేసింది. ఎండిన చెస్ట్‌నట్ ఆకుల దండ దించి, నీళ్లలో నానబెట్టి, రొట్టె కింద ఒక ఆకు, పైన ఒక ఆకు వేసింది. వడ్డన కోడలిది, పొయ్యి అత్తది; పదేళ్లుగా ఒకరి హద్దు ఒకరు దాటలేదు. ఆకు సంగతి ఈమె చెప్పలేదు, ఆమె అడగలేదు. ఒకే కప్పు కింద మనుషులు ఇంత దూరంగా బతకగలరు.

ఈసారి రొట్టె పొంగి, నా పువ్వునూ ఆకు ఈనెలనూ ఒంటిమీద అచ్చు వేసుకుని లేచింది. నీవెస్ నిలబడే ఒకటి తిన్నది. తర్వాత ఇంకొకటి.

రాత్రి భోజనాల దగ్గర భర్త అర్రీగో, మేస్త్రీ ఎన్నింటికి వస్తాడని అడిగాడు.

“రావద్దన్నాను,” అంది నీవెస్. “పొయ్యి ఉంటుంది. రేపటినుంచి అత్తయ్య పక్కన నేనూ పొయ్యి దగ్గరే.”

“మరి వడ్డన?”

ఆమె నడుముకున్న ఏప్రన్ విప్పి అతని భుజాన వేసింది.