ఎడమకు పోయిన బాణాలు

వర్ధన్నపేట బడికి వాలీబాల్ వల పంపాలి. క్యారమ్ బోర్డుల దుమ్ము దులపాలి. బీపీ గోళీలు తెచ్చుకోవాలి. షారోన్‌కు ఆరు బాణాలు ఏరాలి. ప్రమీలకు చెప్పాలి.

క్రికెట్ బంతుల అట్టడబ్బా మూత చింపి, దాని వెనక పెన్సిలుతో సుందర్ రావు ఈ ఐదు పనులూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు. అయిన పని పక్కన టిక్కు పెట్టడం, మట్టెవాడలో వీరభద్రం సేటు ఆట సామాన్ల దుకాణంలో చేరిన నాటి నుంచీ, అంటే ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయనకు అలవాటు. పదకొండు కొట్టేసరికి వల బస్సెక్కింది. బోర్డులు తళతళలాడాయి. గోళీలు చొక్కా జేబులోకి చేరాయి. మూడు టిక్కులు పడ్డాయి. గోళీలు తెచ్చుకోవాలని రాసుకున్నాడు గానీ, వేసుకోవాలని రాసుకోలేదు.

ఇక బాణాలు.

షారోన్ ఆయన మనవరాలు. తొమ్మిదేళ్ల పిల్ల. డోర్నకల్‌లో ఎండాకాలం క్యాంపులో బాణాలు వేయడం నేర్చుకుంటోంది. విల్లు చాలా తేలిక, చిన్న పిల్లల వేళ్లకు కూడా లొంగేది. సాయంత్రం రైలుకు తల్లి, అంటే ఆయన కూతురు ప్రమీల, వచ్చి బాణాలు తీసుకుపోతానంది.

సుందర్ రావు కట్ట విప్పి ఇరవై నాలుగు కర్ర బాణాలు గాజు బల్ల మీద పరిచాడు. ఒక్కొక్కటీ అరచేత్తో దొర్లించాడు. మొన కుంటుతూ దొర్లితే అది వంకర, పక్కకు పెట్టాడు. దూది ఉండతో కర్రంతా తుడిచాడు. దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పేడు లేచినట్టు. తర్వాత రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టి, పగులుంటే చిటుక్కుమంటుందని కొద్దిగా వంచి విన్నాడు. పోయిన ఆదివారం చర్చిలో పిల్ల చేతులు ముందుకు చాపించి, రొమ్ము నుంచి వేళ్ల కొసల దాకా దారంతో కొలిచి, పైన నాలుగు వేళ్ల వెడల్పు కలిపి ముడి వేసుకున్నాడు. ఆ దారం కంటే పొట్టివన్నీ తీసేశాడు.

చివరి పరీక్ష ఆయన సొంతం. చెక్కకు రెండు మేకులు కొట్టి, వాటి మీద బాణం అడ్డంగా ఆనించి, నడుమ ఒక తూకం రాయి వేలాడదీస్తాడు. తేలిక విల్లుకు వంగే బాణం కావాలి. గట్టిది పనికిరాదు.

ఈ సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

ప్రమీలకు పన్నెండేళ్లప్పుడు అమ్ముడుపోని బాణాలు సేటు క్రిస్మస్‌కు ఇచ్చాడు. పెద్దవాళ్లు వాడేవి, మంచి గట్టివి. గట్టివైతే నాలుగు కాలాలు ఉంటాయని మురిసిపోయి కూతురి చిన్న విల్లుకు అవే ఇచ్చాడు. హనుమకొండలో ఎంపిక పోటీ రోజున ఆరుకు ఆరూ ఎడమకు పోయాయి. అందరి ముందూ ఆయనే అన్నాడు, "చెయ్యి నిలకడ లేదు నీకు" అని. ఆ పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చి విల్లును మేకుకు తగిలించింది, మళ్లీ దించలేదు. తర్వాత సూదిలో దారం ఎక్కకపోయినా, స్కూటీ నేర్చుకోమన్నా, "నా చెయ్యి నిలవది నాయినా" అని నవ్వేది.

తొమ్మిదేళ్ల కిందట దుకాణానికి వచ్చిన ఒక కోచ్ అటువంటి బాణం వంచి చూసి పక్కకు పడేశాడు. "ఇయ్యి చిన్న పిల్లలకు ఇయ్యకే అన్నా. గట్టియి. ఎంత మంచిగ కొట్టినా ఎడమకే పోతయి."

ఆ పూట సుందర్ రావు అన్నం తినలేదు. తొమ్మిదేళ్లుగా కూతురికి చెబుదామనుకుంటూనే ఉన్నాడు. చెప్పబోతే ఇంత చిన్న సంగతా అనిపించేది. చెప్పకుండా ఉంటే పెద్దదయ్యేది.

పన్నెండింటికి ఫోన్ మోగింది. డోర్నకల్ స్టేషన్‌లో టికెట్లిచ్చే పని మధ్యలో ప్రమీల చేసింది.

"ఏం నాయినా, బాణాలు ఏరుతాన్నవా, పెండ్లి పిల్లగాన్ని చూస్తాన్నవా? పొద్దటి సంది అదే పనా?"

"ఐదయినయి బిడ్డా. ఇంకొక్కటి."

"అన్నీ ఒక్క తీరే ఉంటయి గద."

"ఉండయి." చేతిలోని బాణం బల్ల మీద పెట్టాడు. "ప్రమీలా, నీకో ముచ్చట చెప్పాలె."

"సాయంత్రం అస్త గద, అప్పుడు చెప్పు. ఈడ టికెట్ల కాడ మంది లైన్ కట్టిన్రు, తిడుతాన్రు."

"సరే బిడ్డా. సాయంత్రమే చెప్త."

ఫోన్ పెట్టాక గుండెలో బరువు దిగినట్టయింది. ఇంకొక్క పూట గడువు దొరికినందుకు ఆయనకే సిగ్గేసింది.

"అన్నానికి పోతాన్న సుందరన్నా. జర గల్లా చూసుకో," అన్నాడు వీరభద్రం సేటు చెప్పులు వేసుకుంటూ. "ఇంక ఎన్నిసార్లు వంచుతవే, పాపం ఆ కర్రకు నడుం నొస్తది."

సుందర్ రావు నవ్వాడు. ఆరో బాణం మేకుల మీద మెత్తగా వంగి, రాయి తీయగానే తిన్నగా లేచింది. ఆరింటినీ కొలత దారంతోనే కట్టాడు. నాలుగో టిక్కు పెట్టాడు. కాస్త చెమట పట్టినట్టుంటే ఫ్యాన్ కింద స్టూలు వేసుకుని గోడకు ఆనుకున్నాడు.

సేటు తిరిగొచ్చి, కునుకు తీస్తున్నాడనుకుని చప్పుడు చేయకుండా గల్లా దగ్గర కూర్చున్నాడు. గిరాకీ వచ్చి పిలిచినా లేవకపోతే భుజం తట్టాడు. ఒళ్లు చల్లగా ఉంది.

ప్రమీల సాయంత్రం రైలుకే వచ్చింది.

ప్రార్థనలన్నీ అయిన వారానికి, డోర్నకల్‌లో డాబా మీద గడ్డి మోపు నిలబెట్టి షారోన్ బాణం వేసింది. సూటిగా నడుమ దిగింది. రెండోదీ దాని పక్కనే.

"అమ్మా, నువ్వొక్కటి కొట్టవా?"

"నాతోని కాదు బిడ్డా. నీకు తాత చెయ్యి అచ్చింది. నాది ముందటి సంది వంకర చెయ్యే."

ఆ చేతిలోనే అట్ట ముక్క ఉంది. తండ్రి జేబులో దొరికిందని సేటు ఇచ్చాడు. ఏం చెప్పాలనుకున్నాడో సేటుకూ తెలియదు.

చదివిన మీకు తెలుసు. పిల్లలకు బాణాలు కొనే రోజున ఒక్కటి వంచి చూసి, సుందర్ రావును తలుచుకోండి. ఆయన అట్ట ముక్క మీద నాలుగు టిక్కులున్నాయి. ‘ప్రమీలకు చెప్పాలి’ అన్న ఐదో వరుస పక్కన పెన్సిలు ఆనించిన చుక్క మాత్రం ఉంది.