మూడో చప్పుడు

ఫిలింనగర్‌లో ఫోనెత్తి నిజం చెప్పేవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. "దారిలో ఉన్నా" అన్నవాడు ఇంకా మంచం దిగి ఉండడు. "మీ కథే చదువుతున్నా" అన్నవాడి తల కింద ఆ కథ దిండుగా నలుగుతూ ఉంటుంది. కాశీవిశ్వనాథం అంత ఘనుడేమీ కాదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన వాడిన అబద్ధం ఒక్కటే: "టేక్‌లో ఉన్నా." నిజంగా టేక్‌లో ఉన్నవాడు ఫోనెత్తడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె పైకి అనలేదు.

ఆయన పని సినిమాలకు చప్పుళ్లు చేయడం. షూటింగ్‌లో మాటలు తప్ప మిగతావేవీ సరిగ్గా పడవు. అందుకని తర్వాత, స్టూడియోలో తలుపులు బిగించుకుని, తెరమీద హీరో నడుస్తుంటే ఈయన ఇసుక తట్టలో నడవాలి. హీరో తలుపు వేస్తే ఈయన తలుపు వేయాలి. ఊళ్లో గొప్ప గొప్ప హీరోయిన్లు నడిచొస్తుంటే హాల్లో వినిపించే చీర గరగర శారదాదేవి పాత వెంకటగిరి చీరది. శారదాదేవి అంటే ఆయన భార్య. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆవిడ నవ్వి, "చీర నాది, పేరు వాళ్లది, బాగానే ఉంది" అనేది. పోయి రెండేళ్లయింది.

కథ మొదలైంది ఆయన జేబులో. ఒక మంగళవారం పగలు పదకొండింటికి, తెరమీద శ్మశానం సీను. నిశ్శబ్దంలో ఎండుటాకుల మీద అడుగులు పడాలి. టేక్ మొదలైందన్న గుర్తుగా గది బయట ఎర్రదీపం వెలిగింది. కాశీవిశ్వనాథం ఊపిరి బిగబట్టి ఆకుల మీద రెండడుగులు వేశాడో లేదో, ఆయన ప్యాంటు జేబులోంచి ఆడగొంతు పలికింది.

"ఏమండీ… పనిలో ఉన్నారా?"

అద్దం అవతల కూర్చున్న ఇంజినీరు సాయిశ్రీనివాస్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ గొంతు అతనికి తెలుసు. ఆ చేతి పులిహోర పదేళ్లు తిన్నాడు.

"ఫోన్ కాశీ గారూ! ఫోన్ బయట పెట్టలేదా?" అన్నాడు, దెయ్యాన్ని కాకుండా ఫోన్‌ను తిట్టుకునే వీలు దొరికినందుకు కాస్త తేరుకుని.

ఆ ఫోన్ వయసు ఆరేళ్లు. లోపల బ్యాటరీ ఉబ్బి, ఒక పక్క అద్దం పైకి లేస్తే రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నాడు. ఆ ఉబ్బుకి తెర పిచ్చెక్కి, దానంతటదే నొక్కుకుంటోంది. ఒకసారి నిర్మాతకు దానంతటదే దండం బొమ్మ పంపింది, ఇంకోసారి సంతాపసభ గ్రూపులో బొటనవేలు ఎత్తింది. ఈ మధ్య మాత్రం ఎక్కువగా ఒకే పని చేస్తోంది. శారదాదేవి ఆఖరి కాల్‌ను తీసి వినిపిస్తోంది. ఆయన ఎప్పుడూ వినేది అదే కాబట్టి అది జాబితాలో పైనుంటుంది, తెర దాన్నే నొక్కుతుంది, అంతే. ఈ లెక్క ఆయనకూ తెలుసు. తెలిసినా, జేబులోంచి "ఏమండీ" అని వినిపించిన ప్రతిసారీ బదులు చెప్పబోయి నోరు తెరిచి, మూసుకునేవాడు.

వచ్చిన ప్రతి కాలూ రికార్డయ్యే ఏర్పాటు కూతురు నిహారిక ఎప్పుడో చేసిపెట్టింది, మేనేజర్లు చెప్పే తేదీలు మర్చిపోతాడని. మేనేజర్ల కాల్స్ ఎప్పుడో తుడిచేశాడు. శారదాదేవివి మూడొందల పదకొండు మిగిలాయి. పాలు విరిగాయని, గ్యాసు అయిపోయిందని, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని. అన్నీ కలిపినా ఒక సినిమా నిడివి లేదు. సగానికి పైగా వాటిలో "టేక్‌లో ఉన్నా" ఉంది.

ఆఖరిది పదమూడు సెకన్లు.

"ఏమండీ… పనిలో ఉన్నారా?"

"ఆఁ, టేక్‌లో ఉన్నా శారదా. తర్వాత చేస్తా."

కాస్త ఖాళీ. తర్వాత, "సరేనండీ. ఏం లేదు లెండి."

ఆ రోజు ఆయన టేక్‌లో లేడు. చేతిలో ఉల్లి సమోసా ఉంది, సాయిశ్రీనివాస్ ఎవరో దర్శకుణ్ణి అనుకరిస్తుంటే కడుపుబ్బ నవ్వుతున్నాడు. తర్వాత చేయనూ లేదు. ఇంటికెళ్లాక అడిగితే, "ఎర్రగడ్డ మార్కెట్‌కి వెళ్లాను, బీరకాయలా సొరకాయా అని అడుగుదామని" అందావిడ. ఆ రాత్రి బీరకాయ కూరే తిన్నాడు. పంతొమ్మిదో రోజున పొద్దున్నే వంటింట్లో గుండె ఆగి పడిపోయింది.

ఆర్నెల్ల తర్వాత పనికోసం ఆయన ఆవిడ చీర ఇంకొకటి తీసి విదిల్చినప్పుడు, మడతలో చీర చప్పుడు కాని చప్పుడొకటి వినిపించింది. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి చీటీ. గుండె బాగా బలహీనంగా ఉందని, మర్నాడే ఇంట్లోవాళ్లనెవరినైనా వెంటబెట్టుకుని రావాలని రాసి ఉంది. తేదీ చూశాడు. పదమూడు సెకన్ల కాల్ తేదీ అదే.

అప్పట్నుంచీ ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. వెంట రమ్మని అడగడానికే చేసిందా? చేస్తే మరి ఇంటికొచ్చాక ఎందుకు అడగలేదు? "కంగారు పెట్టడం ఇష్టంలేక దాచింది, ఆమె తీరే అంత" అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు. తను ఫిలింనగర్‌లో, ఆవిడ ఎర్రగడ్డలో. దూరాన ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? ఆ దూరాన్ని పట్టుకునే ఏడాదిన్నర ఈదుకొచ్చాడు.

శ్మశానం సీను పాడయ్యాక నిహారిక ఊరుకోలేదు. "అది జేబులో పేలితే ఎవరు దిక్కు నాన్నా?" అంది. ఏ ఫోన్ కొనాలన్న ప్రశ్న బయటపడగానే స్టూడియో మొత్తం సలహాదార్లయింది. కెమెరా చూసుకోమని ఒకరు, కెమెరా కాదు బ్యాటరీ అని ఒకరు. మడతపెట్టేది కొనండి, రేపటి కాలమంతా మడతలదే అన్నాడు సాయిశ్రీనివాస్, తన ఫోన్ మడత దగ్గర గీత పడి నెలరోజులుగా ఏడుస్తూనే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, కాశీవిశ్వనాథానికి కావలసింది ఒక్కటే: ఉన్న మూడొందల పదకొండూ ఉన్నవి ఉన్నట్టే అందులోకి రావాలి.

జూబ్లీహిల్స్ రోడ్డు మీది దుకాణంలో ఆ మాటే అడిగాడు. అమ్మే అమ్మాయి పాపం ఓపికస్తురాలు.

"అన్నీ వస్తాయంకుల్. కానీ ఇక మీదట కాల్ రికార్డ్ చేస్తే అవతలివాళ్లకి 'రికార్డవుతోంది' అని వినిపిస్తుంది."

"ఇక మీదట రికార్డ్ చేసుకోవలసినవాళ్లు ఎవరూ లేరమ్మా."

నిహారిక మొహం పక్కకు తిప్పుకుంది. ఆ అమ్మాయి గబగబా ఇంకో ఫోన్ తీసింది. "ఇది చూడండంకుల్. పాత రికార్డింగులో రొద ఉంటే తీసేస్తుంది. ఇదిగో, ఈ గీత మాటది, ఇది రొదది. రొద తగ్గించేస్తే మాట ఒక్కటే అద్దంలా వినిపిస్తుంది."

కాశీవిశ్వనాథం కళ్లజోడు సర్దుకున్నాడు. "మాట తీసేసి రొద ఒక్కటే ఉంచొచ్చా?"

"ఉంచొచ్చేమో అంకుల్. అలా ఎవరూ అడగలేదు."

లోకమంతా మాట కోసం చెవి పెడితే, ముప్పై ఏళ్లుగా మాట పక్కన పెట్టి మిగతాది వినడమే ఆయన బతుకుతెరువు. ఆ ఫోనే తీసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం శ్రీనగర్ కాలనీ ఇంట్లో నిహారిక అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి, పాతదాన్ని బాల్కనీలో ఇసుక బకెట్టులో పెట్టి, "ముట్టుకోకు" అని చెప్పి వెళ్లింది. ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు అందరిలాగే రొద తీసేశాడు. శారదాదేవి గొంతు కడిగిన ముత్యంలా వచ్చింది. అంత శుభ్రంగా వచ్చేసరికి ఎవరో డబ్బింగ్ చెప్పినట్టుంది, తన మనిషిలా లేదు. చిరాకేసి, రొద గీత పైకి తోసి, మాట గీతను పూర్తిగా కిందికి లాగాడు.

పదమూడు సెకన్లూ మాటలు లేకుండా నడిచాయి.

ముందు వాన వినిపించింది. రేకుల మీద పడే వాన. ఆ రోజు ఆయన కూర్చున్న స్టూడియో గదిలోకి వాన వినిపించదు, గోడలకు దూది కుక్కి ఉంటుంది. అంటే ఆ వాన ఆవిడ వైపుది. బాగానే ఉంది, మార్కెట్లోనూ రేకులుంటాయి అనుకున్నాడు. కానీ ఆటో హారన్ లేదు, బేరం లేదు, మనిషి అలికిడి లేదు. ఎర్రగడ్డలో పగటిపూట మనిషి అలికిడి లేకపోవడం ఏమిటి?

తను "తర్వాత చేస్తా" అన్న చోట, ఇప్పుడు ఆ మాట లేని ఖాళీలో, టంగ్ మని ఒక చప్పుడు వచ్చింది. వెంటనే దాని వెనకే మళ్లీ టంగ్. కాసేపాగి అదే జంట ఇంకోసారి. ఈ చప్పుడు ఇదివరకూ విన్నాడు, కాల్‌లో వచ్చే ప్రతిధ్వని అనుకుని వదిలేశాడు. ఇప్పుడు వదల్లేకపోయాడు. మొదటిది సన్నగా, గోడ అవతల్నుంచి వచ్చినట్టుంది. వెనక వచ్చింది దానికి రెండింతలుంది. ప్రతిధ్వని అసలుకంటే పెద్దగా ఉండదు. అది ఆయన వృత్తిలో ఓనమాలు. ఒకే చప్పుడు తన ఫోన్లోనూ పడింది, ఆవిడ బటన్ ఫోన్లోనూ పడింది. ఆవిడ ఫోన్లోనే దగ్గరగా పడింది, కాల్ మీదుగా రావాలి కాబట్టి క్షణం వెనకబడింది.

ఆ చప్పుడు కూడా ఆయనకు తెలుసు. స్టూడియో వసారాలో చెప్పులు విడిచేచోట రేకుల షెడ్డు ఉంది. టీ తెచ్చే పోచయ్య అక్కడ నిలబడి, ఎర్రదీపం ఆరి ఉందో లేదో చూసుకుని, కెటిల్ మూతను గరిటెతో మూడుసార్లు కొడతాడు. ఇరవై ఏళ్లుగా మూడే. ఇక్కడ జంటకొకటి చొప్పున రెండే ఉన్నాయి. మూడోది ఎన్నిసార్లు విన్నా రాలేదు.

ఫోన్ ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చుండిపోయాడు. ఇసుక బకెట్టులోంచి పాత ఫోన్ రెండుసార్లు "ఏమండీ" అంది. లేచి వెళ్లలేదు.

మర్నాడు పోచయ్య కంటే ముందే షెడ్డు కింద నిలబడ్డాడు. పోచయ్య కెటిల్‌తో వచ్చి, ఈయన్ని చూసి ఆగాడు.

"ఏంది సార్, గీడ నిలబడ్డరు?"

"పోచయ్యా, రెండేళ్ల కిందట వానలో మా ఆవిడ ఇక్కడికి వచ్చిందా?"

పోచయ్య కెటిల్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అమ్మ చెప్పొద్దన్నది సార్."

"ఇప్పుడు చెప్పు."

"గీడనే నిలబడ్డది, నిండ తడిసింది. చేతుల ఏదో కాయితం. ఆ తలుపు అద్దంలకెళ్లి లోపలికి చూస్తున్నది. ఎర్రలైటు బందే ఉన్నది, మీరందరు నవ్వుకుంట కూసున్నరు. లోపలికి పోమ్మా అన్న. 'ఉండు, ముందు ఫోన్ చేస్త, నేనొచ్చినా అంటే ఉరికొస్తరు' అనుకుంట నవ్వింది సార్." పోచయ్య శారదాదేవి మాటను కూడా తన యాసలోనే చెప్పాడు. "నేను ఎప్పటి లెక్క కొడుతున్న. రెండు కొట్టంగనే అమ్మ నా చెయ్యి పట్టుకున్నది. ఫోన్ పెట్టేసినంక అన్నది, 'సార్ టేక్‌ల ఉన్నరంట పోచయ్యా, చప్పుడు చెయ్యకు' అని."

"దీపం లేదు కదా?"

"నేను గదే అన్న. లైటు లేదు గదమ్మా అన్న. 'సార్ చెప్పిన్రు గద' అన్నది. జర సేపు నిలబడి, వానలనే పోయింది. 'నేనొచ్చినట్టు చెప్పకు, పని నడుమ మనసు ఖరాబైతది' అన్నది."

కాశీవిశ్వనాథం తలుపు దగ్గరికి వెళ్లి అద్దంలోంచి చూశాడు. తన కుర్చీ ఆరడుగుల దూరంలో ఉంది. కుర్చీ ముందు బల్ల, బల్లమీద నిన్నటి సమోసా కాగితం. సాయిశ్రీనివాస్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఇక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి. చేతిలో సమోసా కనిపిస్తుంది. ఫోన్ తీసి, పేరు చూసి, మొహం చిట్లించి, చెవికి పెట్టుకున్న మనిషి కూడా కనిపిస్తాడు. ఏడాదిన్నరగా ఆయన్ని మోసిన దూరం ఆరడుగులు. ఆ ఆరడుగులూ దాటి రానివ్వనిది తన నోటిమాట.

ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆవిడ నిలబడ్డ చోటే, చెప్పుల వరసకు పక్కన, గోడకు చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. తలుపు మీద ఎర్రదీపం ఆరే ఉంది.

పోచయ్య అలవాటుగా గరిటె ఎత్తాడు. ఒకటి కొట్టాడు. రెండు కొట్టాడు. కాశీవిశ్వనాథం జేబులో కొత్త ఫోన్ నిశ్శబ్దంగా ఉంది. ఇది మంచి ఫోన్, దానంతటదే ఎన్నడూ నొక్కుకోదు. ఇక అడగనిదే ఎవరూ "ఏమండీ" అనరు.

"టేక్‌లో లేను శారదా," అన్నాడాయన అద్దంలోకి చూస్తూ. "ఖాళీగానే ఉన్నా. చెప్పు."

పోచయ్య మూడోదానికి ఎత్తిన గరిటెను చప్పుడు కాకుండా దించుకున్నాడు.